స్టేజీ లైట్లకు డేటా కేబుల్: ఏది కొనాలి, ఏది చేసుకోవాలి

రిహార్సల్ అంతా కుదురుగా ఉన్న మూవింగ్ హెడ్ (తల తిప్పి కాంతిని కావలసిన వైపు మళ్లించే లైటు) ఒకటి ప్రదర్శన మధ్యలో తనంత తానే తల తిప్పడం మొదలుపెడితే, మన అనుమానం మొదట లైటు మీదికి, ఆ తర్వాత కంట్రోలర్ మీదికి పోతుంది. కేబుల్ సంగతి చిట్టచివరికి గానీ గుర్తుకు రాదు. ఒక నాటకానికి లైట్లు చూస్తున్నప్పుడు నేనూ ఇలాగే రెండు లైట్లు దించి వేరేవి ఎక్కించి, కంట్రోలర్‌ను కూడా మార్చి, విరామ సమయమంతా పోగొట్టుకున్న తర్వాత వరుస మధ్యలో ఎవరో వేసిన మైక్ కేబుల్ కనిపించింది. దాన్ని తీసి సరైనది వేయగానే లైట్లన్నీ మాట విన్నాయి. పూర్తిగా చెడిపోయిన కేబుల్‌ను పది నిమిషాల్లో పట్టుకోవచ్చు. అప్పుడప్పుడు పనిచేసే కేబుల్ మాత్రం పరీక్షించినప్పుడల్లా బాగానే ఉండి, ప్రేక్షకులు వచ్చాక మొరాయిస్తుంది. బయటికి ఒకేలా కనిపించే కేబుళ్లలో ఎవరికి ఏది తగినదో, వాటిలో వేటిని స్వయంగా తయారు చేసుకోవచ్చో తెలుసుకోవాలంటే, ముందుగా ఆ తీగల్లో ఏం ప్రయాణిస్తోందో కొంత తెలియాలి.

## ఎంపికకు ముందు చూడవలసినవి

స్టేజీ లైట్ల నియంత్రణకు ఎక్కువగా వాడేది డీఎంఎక్స్512 పద్ధతి. అమెరికాలోని రంగస్థల సాంకేతిక సంస్థ యూఎస్ఐటీటీ దీన్ని 1986లో రూపొందించి 1990లో సవరించింది, ఇప్పుడది ఈ1.11 అనే ప్రమాణంగా కొనసాగుతోంది. ఒకదాని తర్వాత ఒకటి కలిపిన లైట్ల వరుసలో 512 చానళ్ల (ప్రకాశం, రంగు వంటి ఒక్కో నియంత్రణకు ఒక్కో చానల్) సమాచారం సెకనుకు 2,50,000 బిట్ల వేగంతో వెళుతుంది, అంటే ఒక్కో బిట్ నిలిచే సమయం 4 మైక్రోసెకన్లు. విద్యుత్ పరంగా ఇది కర్మాగారాల్లో కూడా వాడే ఆర్‌ఎస్-485 పద్ధతి మీద ఆధారపడింది: ఒక జత తీగల్లో ఒకే సంకేతం పరస్పర విరుద్ధంగా నడుస్తుంది, అందుకునే పరికరం ఆ రెండింటి మధ్య తేడాను మాత్రమే చదువుతుంది. రెండు తీగలను మెలితిప్పి ఉంచితే, బయటి నుంచి వచ్చే అలజడి రెండింటి మీదా సమానంగా పడి, తేడా తీసినప్పుడు రద్దవుతుంది. కాబట్టి మెలితిరిగిన జత, దాని చుట్టూ షీల్డ్ (బయటి అలజడిని ఆపే లోహపు పొర) ఉండడం మొదటి షరతు.

రెండోది కేబుల్ స్వాభావిక అవరోధం, అందరూ ఇంపెడెన్స్ అనే మాట. అన్నింటికంటే దీని మీదే ఎక్కువ అపోహలు ఉన్నాయి కనుక కాస్త వివరంగా చెబుతాను. చెరువులో లేచిన అల గట్టును తాకి వెనక్కి మళ్లినట్టు, కేబుల్‌లో సాగే సంకేతం కూడా ఇంపెడెన్స్ మారిన ప్రతిచోటా కొంత వెనక్కి తిరుగుతుంది. డీఎంఎక్స్‌కు తగిన ఇంపెడెన్స్ నామమాత్రంగా 120 ఓములు. 100 నుంచి 120 వరకు ఏదైనా హాయిగా నడుస్తుంది. కేబుల్‌లో సంకేతం వేగం సుమారుగా కాంతి వేగంలో మూడింట రెండు వంతులు, అంటే మీటరుకు 5 నానోసెకన్లు పడుతుంది. పది మీటర్ల కేబుల్ చివర తగిలి వెనక్కి వచ్చిన ప్రతిధ్వనికి 100 నానోసెకన్లు చాలు. 4 మైక్రోసెకన్ల బిట్‌లో అది కనిపించకుండా కలిసిపోతుంది. వంద మీటర్ల వరుసలో అదే ప్రతిధ్వని తిరిగి రావడానికి ఒక మైక్రోసెకను పడుతుంది, అంటే బిట్‌లో పావు వంతు. అందుకే, తగని కేబుల్ గదిలో పరీక్షించినప్పుడు చక్కగా పనిచేసి, వేదిక మీద పొడవుగా వేసినప్పుడు లైట్లను వణికిస్తుంది.

మూడోది కెపాసిటెన్స్, అంటే తీగల మధ్య విద్యుదావేశం నిలిచే గుణం. అది ఎక్కువైతే సంకేతం అంచులు గుండ్రంగా అరిగిపోయి, దూరాన ఉన్న లైటుకు ఒకటి ఎక్కడ ముగిసి సున్నా ఎక్కడ మొదలైందో తెలియదు. డేటా కోసం తయారైన కేబుళ్లలో ఇది తక్కువగా ఉండేలా చూస్తారు. తీగ మందం, వంగే గుణం, బయటి తొడుగు బలం మాత్రం మీ వాడుకను బట్టి నిర్ణయించుకోవలసినవి.

## కేబుల్ రకాలు

| రకం | ఇంపెడెన్స్ | అనుకూలత | ఇబ్బంది |
|---|---|---|---|
| మైక్ కేబుల్ | డేటాకు కావలసిన దానికంటే బాగా తక్కువ | చేతికి అందుబాటు, మెత్తదనం | పొడవు పెరిగితే నమ్మలేము |
| డిజిటల్ ఆడియో కేబుల్ | 110 ఓములు | ధ్వనికీ లైట్లకూ పనికొస్తుంది | రెండు విభాగాల కేబుళ్లు కలిసిపోతాయి |
| డీఎంఎక్స్ కేబుల్, ఒక జత | 110 నుంచి 120 ఓములు | తేలిక, సోల్డరింగ్ సులభం | అయిదు పిన్నుల కనెక్టర్లో 4, 5 పిన్నులు ఖాళీ |
| డీఎంఎక్స్ కేబుల్, రెండు జతలు | 110 నుంచి 120 ఓములు | అయిదు పిన్నులూ నిండుతాయి | మందం, బరువు, రెట్టింపు పని |
| నెట్‌వర్క్ కేబుల్, క్యాట్-5ఈ లేదా క్యాట్-6 | 100 ఓములు | నాలుగు జతలు, స్థిరమైన అమరికకు మేలు | మామూలు రకం తరచూ చుడితే తెగుతుంది |

మైక్ కేబుల్ గురించి ముందుగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మొదలుపెట్టేది దానితోనే. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్ (మైకులకు వాడే గుండ్రటి కనెక్టర్) రెండింటికీ ఒకటే కావడంతో అది లైటులోకి ఇట్టే దూరుతుంది, రెండు మూడు పార్ లైట్లకు (తల తిరగని మామూలు స్టేజీ లైట్లకు) పనిచేస్తుంది కూడా. అయితే అది తక్కువ పౌనఃపున్యాల ధ్వని కోసం తయారైనది. దాని ఇంపెడెన్స్‌ను ఎవరూ అదుపులో ఉంచి తయారు చేయరు. అత్యవసరంలో ఒక చిన్న ముక్క వేయవలసి వస్తే వేయండి, ప్రదర్శన ముగిశాక తీసేయండి. దాన్ని కొత్తగా కొనడానికి మాత్రం నాకు ఏ కారణమూ కనిపించదు.

డిజిటల్ ఆడియో కేబుల్ చాలామంది పట్టించుకోని మంచి దారి. ఏఈఎస్3 అనే డిజిటల్ ధ్వని పద్ధతికి 110 ఓముల కేబుల్ కావాలి. అది డీఎంఎక్స్‌కూ చక్కగా సరిపోతుంది. ధ్వని, లైట్లు రెండూ చూసుకునే చిన్న బృందం ఒకే రకం చుట్ట కొని, అన్ని కేబుళ్లనూ దానితోనే తయారు చేసుకుంటే, మైక్‌కు కూడా అది పనికొస్తుంది. ఇక్కడ జాగ్రత్త ఒక్కటే: ధ్వని వాళ్ల పెట్టెలోని పాత మైక్ కేబుళ్లతో ఇవి కలిసిపోతే మళ్లీ మొదటికి వస్తాం. తొడుగు రంగైనా వేరుగా ఉండాలి.

ఒక జత డీఎంఎక్స్ కేబుల్ ఎక్కువమందికి నేను సూచించేది. తీగ మందం 24 ఏడబ్ల్యూజీ నుంచి 22 ఏడబ్ల్యూజీ వరకు ఏదైనా చాలు (ఇది తీగ మందానికి అమెరికా కొలత, అంకె తగ్గితే తీగ లావు). షీల్డ్ విషయంలో మాత్రం పట్టుబట్టండి: రోజూ విప్పి చుట్టే కేబుల్‌కు అల్లిక షీల్డ్ ఉండాలి. రేకు షీల్డ్ ఒక్కటే ఉన్న రకం గోడలో ఒకసారి వేసి వదిలేయడానికి మంచిదే గానీ, పదేపదే వంచితే చీలిపోతుంది.

రెండు జతల కేబుల్ ఎందుకంటే, ప్రమాణం 4, 5 పిన్నులను రెండో డేటా జత కోసం కేటాయించింది. ఆచరణలో చాలా పరికరాలు వాటిని వాడుకోవు. అద్దెకు ఇచ్చేవారికి, ఎవరి పరికరాలు వస్తాయో ముందే తెలియని వేదికలకు అయిదు పిన్నులూ కలిపి ఉంచడం భద్రత. సొంత లైట్లు మాత్రమే వాడే బృందం ఈ అదనపు బరువు మోయనవసరం లేదు.

నెట్‌వర్క్ కేబుల్ డీఎంఎక్స్‌కు పనికిరాదని కొందరు, అన్నిటికీ అదే చాలని మరికొందరు వాదిస్తారు. విద్యుత్ పరంగా అది చాలా మంచి కేబుల్: 100 ఓములు, తక్కువ కెపాసిటెన్స్, జాగ్రత్తగా మెలితిప్పిన జతలు. తేడా అంతా వాడుకలో ఉంది. గోడల్లో, పైకప్పు మీద శాశ్వతంగా వేసే వరుసకు ఒంటి తీగ ఉన్న మామూలు క్యాట్-5ఈ బాగా పనిచేస్తుంది. అదే కేబుల్‌ను రోజూ నేల మీద పరచి చుట్టితే లోపలి ఒంటి తీగ అలసి తెగిపోతుంది, అదీ ఒకేసారి తెగకుండా, తగులుతూ వదులుతూ. వేదిక మీద వాడాలంటే సన్నని పోగులతో కూడిన తీగలు, గట్టి తొడుగు, షీల్డ్ ఉన్న రకమే తీసుకోవాలి. షీల్డ్ ఉన్న కేబుల్ ఒక్కదానిలో నాలుగు జతల మీద నాలుగు వేర్వేరు డీఎంఎక్స్ వరుసలు పంపి, రెండు చివర్లా ఎక్స్‌ఎల్‌ఆర్ కొసలు కట్టుకోవచ్చు. అప్పుడు షీల్డే నాలుగింటికీ ఉమ్మడి తీగ అవుతుంది. పొడవైన వేదికకు ఇంతకంటే తేలికైన ఏర్పాటు నాకు తెలియదు.

ఆర్‌జే45 సాకెట్ (నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే సాకెట్) ద్వారా డీఎంఎక్స్ పంపడాన్ని ప్రమాణం శాశ్వత అమరికలకు మాత్రమే అనుమతిస్తుంది. అందులో 1వ పిన్ను డేటా ప్లస్, 2వది డేటా మైనస్, 7వది ఉమ్మడి. రెండో జతకు 3, 6 పిన్నులు, దాని ఉమ్మడికి 8వ పిన్ను. ఈ సాకెట్‌ను ఎవరూ పొరపాటున నెట్‌వర్క్ స్విచ్‌లో గుచ్చకుండా గుర్తు రాసి ఉంచాలి, ఎందుకంటే కొన్ని నెట్‌వర్క్ పరికరాలు అదే సాకెట్ నుంచి విద్యుత్తు కూడా పంపుతాయి. ఆర్ట్‌నెట్, ఎస్‌ఏసీఎన్ అనే లైట్ల నియంత్రణ పద్ధతులు వేరే సంగతి. అవి నిజంగానే నెట్‌వర్క్ మీద నడుస్తాయి, వాటికి నెట్‌వర్క్ కేబుల్ తప్ప మరొకటి ఆలోచించనవసరం లేదు, ఒక్కో ముక్క 100 మీటర్లు దాటకుండా చూసుకోవాలి.

## మూడు పిన్నులా, అయిదు పిన్నులా

ప్రమాణం చెప్పేది అయిదు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్. మార్కెట్లో దొరికే చవక లైట్లలో ఎక్కువ వాటికి ఉండేది మూడు పిన్నులది. మూడు పిన్నులను ప్రమాణం ఒప్పుకోకపోవడానికి గట్టి కారణం ఉంది: కొన్ని మైకులను నడిపేందుకు మైక్ లైన్ మీద 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తు ఉండవచ్చు, పొరపాటున అది లైటు డేటా సాకెట్‌లోకి వెళితే లోపలి చిప్ కాలిపోవచ్చు. అయిదు పిన్నులైతే ఆ పొరపాటు జరిగే వీలే లేదు.

మీ దగ్గర ఉన్న లైట్లన్నీ మూడు పిన్నులవే అయితే, ప్రతి లైటుకూ మార్పిడి ముక్క తగిలించడం నేను సూచించను. ప్రతి అతుకూ వదులయ్యే చోటే. లైట్ల మధ్య మూడు పిన్నుల కేబుళ్లే వాడి, కంట్రోలర్ దగ్గర ఒక్కచోట అయిదు నుంచి మూడుకు మార్చే చిన్న కేబుల్ పెట్టుకోండి. లైట్లు రెండు రకాలూ కలిసి ఉంటే, పొడవైన కేబుళ్లన్నీ అయిదు పిన్నులతో చేసి, మార్పిడి ముక్కలను మూడు పిన్నుల లైట్ల దగ్గరే ఉంచడం మంచిది. కొన్ని పాత లైట్లలో 2, 3 పిన్నులు తారుమారై ఉంటాయి. వాటికి 2, 3 తీగలను తారుమారుగా కలిపిన ముక్క వేరుగా చేసి, కొట్టొచ్చే రంగు టేపు చుట్టాలి. నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కనిపిస్తే అది రంగు కాగితాలు తిప్పే స్క్రోలర్లది కావచ్చు. అందులో డేటాతో పాటు విద్యుత్తు కూడా వెళుతుంది కాబట్టి దాన్ని డీఎంఎక్స్‌తో కలపకూడదు.

## కొనడమా, చేసుకోవడమా

తయారైన కేబుల్ కొంటే సమయం మిగులుతుంది, కానీ లోపల ఏ తీగ ఉందో, సోల్డరింగ్ ఎలా ఉందో కనబడదు. డీఎంఎక్స్ అని పేరు పెట్టి మైక్ కేబుల్ అమ్మడం అరుదేమీ కాదు. తొడుగు మీద ఇంపెడెన్స్ ముద్రించి ఉందా, కనెక్టర్‌ను మర విప్పి తెరవగలమా అన్న రెండు ప్రశ్నలకు అవునని జవాబు వస్తేనే కొనండి. అచ్చులో పోసి మూసేసిన కనెక్టర్ చెడితే కత్తిరించి పారేయవలసిందే.

చేసుకుంటే కావలసిన పొడవు వస్తుంది, రేపు చెడినా బాగుచేసే చెయ్యి మనదే. నాలుగైదు కేబుళ్లు మాత్రమే కావలసినవారు, సోల్డరింగ్ ఇనుము ఎప్పుడూ పట్టనివారు కొనుక్కోవడమే మేలు. ఇరవై ముప్పై కావలసినవారు చుట్ట కొని, న్యూట్రిక్ లేదా స్విచ్‌క్రాఫ్ట్ వంటి మంచి కనెక్టర్లు తెచ్చుకుని చేసుకోవాలి. డబ్బు తగ్గించుకోవలసి వస్తే పొడవులో తగ్గించుకోండి, కనెక్టర్లో తగ్గించుకోకండి. కేబుల్‌ను పట్టి ఉంచే బిగింపు బలహీనంగా ఉంటే ఎంత మంచి సోల్డరింగ్ అయినా ఒక లాగుడుకు ఊడిపోతుంది.

## తయారీలో పొరపాటు జరిగే చోట్లు

కనెక్టర్ వెనుక తొడుగును, బిగింపు ముక్కను ముందుగానే కేబుల్ మీదికి ఎక్కించాలి. సోల్డరింగ్ అంతా పూర్తయ్యాక తొడుగు బల్ల మీద మిగిలిపోవడం ఈ పని చేసే ప్రతివారికీ ఒకసారైనా జరుగుతుంది.

బయటి తొడుగును సుమారు 20 మిల్లీమీటర్లు ఒలిచి, అల్లిక షీల్డ్‌ను ఒక పక్కకు తీసి పురిపెట్టి, దాని మీద హీట్‌ష్రింక్ గొట్టం (వేడి చేస్తే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) వేయాలి. అయిదు పిన్నుల కనెక్టర్లో పిన్నుల మధ్య చోటు చాలా తక్కువ. షీల్డ్ పోగు ఒక్కటి పక్క పిన్నును తాకితే వరుస మొత్తం ఆగిపోతుంది. జతను అవసరమైనంత మేరకే విప్పాలి. షీల్డ్ 1వ పిన్నుకు, డేటా మైనస్ 2వ పిన్నుకు, డేటా ప్లస్ 3వ పిన్నుకు వెళ్లాలి. ఏ రంగు తీగ ఏ పిన్నుకో మొదటి కేబుల్‌కు నిర్ణయించి కాగితం మీద రాసి, చివరి కేబుల్ దాకా అదే పాటించాలి. ఆడ, మగ కనెక్టర్లను వెనుక నుంచి చూస్తే పిన్నుల వరుస అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది కాబట్టి, గుర్తున్న స్థానాన్ని నమ్మకుండా ప్రతిసారీ పిన్ను పక్కన అచ్చు వేసిన అంకెను చదవాలి. కంట్రోలర్‌లో డేటా బయటికి వచ్చే సాకెట్ ఆడది, లైటులోకి వెళ్లే సాకెట్ మగది. కేబుల్ మగ చివర కంట్రోలర్ వైపు ఉంటుంది.

కనెక్టర్ లోహపు కవచానికి ఉన్న చెవిని 1వ పిన్నుకు కలపవద్దు. ధ్వని కేబుళ్లు చేసే అలవాటున్నవారు కొందరు దాన్ని కలిపేస్తారు. డీఎంఎక్స్‌లో అలా చేస్తే, ఇనుప చట్రానికి కవచం తాకిన ప్రతిచోటా షీల్డ్ భూమికి కలిసి, అనవసర విద్యుత్ ప్రవాహాలకు దారి ఏర్పడుతుంది.

సోల్డరింగ్ చేసేటప్పుడు తీగ కొసకూ, పిన్ను గుంటకూ విడివిడిగా ముందే కొంచెం సోల్డర్ పట్టించి, ఆ తర్వాత రెండింటినీ కలిపితే క్షణంలో అతుక్కుంటుంది. ఎక్కువసేపు వేడి చేస్తే పిన్నులను పట్టి ఉంచే ప్లాస్టిక్ మెత్తబడి అవి వంకర పోతాయి. ఎదురు కనెక్టర్‌ను తగిలించి ఉంచి సోల్డరింగ్ చేస్తే అవి తమ చోట్లలోనే నిలుస్తాయి.

నెట్‌వర్క్ కేబుల్‌తో చేసేవారికి ప్రత్యేకంగా ఒక మాట. డేటా ప్లస్‌కు ఒక జతలోని తీగను, మైనస్‌కు మరో జతలోని తీగను తీసుకుంటే, మల్టీమీటర్ అంతా బాగుందనే చెబుతుంది. మెలిక వల్ల వచ్చే రక్షణ మాత్రం పోయి ఉంటుంది. రెండూ ఒకే జతలోనివేనని కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి.

## టెర్మినేటర్, పరీక్ష

వరుసలో చివరి లైటు బయటి సాకెట్‌లో ఒక టెర్మినేటర్ ఉండాలి. ఒక మగ కనెక్టర్లో 2, 3 పిన్నుల మధ్య 120 ఓముల పావు వాట్ రెసిస్టర్ సోల్డర్ చేస్తే అదే టెర్మినేటర్. అయిదు నిమిషాల పని. అయిదారు చేసి పెట్టుకోండి. చివరికి చేరిన అలను అది మింగేస్తుంది, ప్రతిధ్వని తిరిగి రాదు. ఆర్‌డీఎం (డీఎంఎక్స్ తీగల మీదే లైట్లతో రెండు వైపులా మాట్లాడే పద్ధతి) వాడేవారికి ఇది మరింత ముఖ్యం, ఎందుకంటే అందులో లైట్లు అదే జత మీద తిరిగి జవాబు చెబుతాయి.

ఈ టెర్మినేటర్‌తోనే కేబుల్‌ను పరీక్షించవచ్చు. కొత్త కేబుల్ ఆడ చివరకు దాన్ని తగిలించి, మగ చివర 2, 3 పిన్నుల మధ్య ఓములు కొలవండి. 24 ఏడబ్ల్యూజీ తీగకు కిలోమీటరుకు సుమారు 84 ఓముల నిరోధం ఉంటుంది. 30 మీటర్ల కేబుల్‌లో పోయి వచ్చే 60 మీటర్లకు దాదాపు 5 ఓములు, కాబట్టి మీటరు 125 దగ్గర చూపాలి. కొలుస్తూనే రెండు చివర్లా కేబుల్‌ను వంచండి, లాగండి. అంకె గెంతితే ఆ చివరను కత్తిరించి మళ్లీ చేయాలి. తర్వాత టెర్మినేటర్ తీసేసి, ప్రతి పిన్నూ రెండో చివర అదే అంకె ఉన్న పిన్నుకు కలుస్తోందా, పిన్నుల మధ్య గానీ కవచానికి గానీ తాకిడి ఉందా అని చూడాలి. మల్టీమీటర్ ఇంపెడెన్స్‌ను కొలవలేదన్నది గుర్తుంచుకోవాలి. చక్కగా చేసిన మైక్ కేబుల్ ఈ పరీక్షలన్నీ నెగ్గుతుంది.

## ఎవరికి ఏది

నాలుగైదు పార్ లైట్లతో చిన్న కార్యక్రమాలు చేసే సంగీత బృందానికి మూడు పిన్నుల ఒక జత కేబుళ్లు, ఒక టెర్మినేటర్ చాలు. నాటక మందిరం నడిపేవారు గోడల్లో క్యాట్-5ఈ వేసి, వేదిక అంచున అయిదు పిన్నుల సాకెట్లు బిగించి, అక్కడి నుంచి లైట్ల దాకా ఒక జత కేబుళ్లు వాడితే ఖర్చు, మన్నిక రెండూ కుదురుతాయి. అద్దెకు ఇచ్చేవారు రెండు జతల కేబుల్ తీసుకోవాలి. వారికి బరువు కంటే ఏ పరికరం వచ్చినా నడవడం ముఖ్యం. రోజుకో ఊరు తిరిగే బృందానికి నా సలహా వేరు: పొడవైన ప్రయాణమంతా పోగుల తీగలున్న, షీల్డ్ ఉన్న ఒకే నెట్‌వర్క్ కేబుల్‌కు అప్పగించి, చివర్లలో మాత్రం పొట్టి డీఎంఎక్స్ కేబుళ్లు వాడితే విప్పడం, చుట్టడం సగానికి సగం తగ్గుతుంది.

ఎవరైనా సరే ఒక వరుసలో 32 లైట్లు దాటకుండా, మొత్తం పొడవు 300 మీటర్లు మించకుండా చూసుకోవాలి. వరుసను రెండుగా చీల్చవలసి వస్తే రెండు కొమ్ముల వై కేబుల్ చేయవద్దు. ఆ చీలిక దగ్గరే ప్రతిధ్వని పుడుతుంది. దానికి స్ప్లిటర్ (సంకేతాన్ని విడివిడి వరుసలుగా మళ్లీ పంపే పరికరం) పెట్టాలి, ఆర్‌డీఎం వాడేవారైతే దాన్ని సమర్థించే స్ప్లిటర్ తీసుకోవాలి.

తయారైన ప్రతి కేబుల్ రెండు చివర్లా పొడవు, చేసిన తేదీ రాసి, రాత మీద పారదర్శక హీట్‌ష్రింక్ వేయండి. చుట్టేటప్పుడు మోచేతికి బిగించి చుట్టకుండా, కేబుల్ తనంత తాను తిరిగే వైపుకే వదులుగా చుట్టండి. ప్రదర్శనలో అనుమానం వచ్చిన కేబుల్‌ను పెట్టెలో వేసే ముందు దాని చివర ఒక ముడి వేయండి. ముడి ఉన్న కేబుల్‌ను బల్ల మీద పరీక్షించే దాకా ఎవరూ వేదిక మీదికి తీసుకువెళ్లకూడదని బృందంలో అందరికీ చెప్పి ఉంచండి.